రోజుకు పన్నెండు కిలోమీటర్లు, మూడు వ్యాగన్లు: ఏది కొనాలి?

ప్రశ్న: మాకు ఐదేళ్ల పాప, ఏడాది బాబు. పిల్లల సీట్లు రెండు, స్ట్రోలర్, సెలవుల సామాను అన్నీ పట్టే సెకండ్ హ్యాండ్ యూరోపియన్ వ్యాగన్, అంటే వెనక పొడవాటి డిక్కీ ఉండే కారు, కొందామనుకుంటున్నాం. ఇంటి నుంచి ఆఫీసు ఆరు కిలోమీటర్లు. రెండు నెలలకొకసారి ఆరేడు వందల కిలోమీటర్ల ప్రయాణం ఉంటుంది. దాదాపు ఒకే ధరలో మూడు దొరికాయి. ఒకటి 2013 ఫోక్స్‌వాగన్ పసాట్ వేరియంట్, 2.0 డీజిల్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, 1,85,000 కి.మీ. రెండోది 2011 బీఎండబ్ల్యూ 520డి టూరింగ్, డీజిల్ ఆటోమేటిక్, 1,70,000 కి.మీ. మూడోది 2016 స్కోడా ఆక్టేవియా కాంబి, 1.4 పెట్రోల్, మాన్యువల్ గేర్లు, 1,10,000 కి.మీ. మా వారికి బీఎండబ్ల్యూ మీద మనసుంది. ఏం చూసి కొనాలి?

సమాధానం: మూడు కార్ల వివరాలూ చక్కగా రాశారు గానీ, మీ ఉత్తరంలో అసలు తేల్చే మాట ఆఫీసు ఆరు కిలోమీటర్లు అన్నది. ఆ దూరంలో ఇంజిన్ ఆయిల్ పూర్తిగా కాగదు, పొగగొట్టం కూడా చాలినంత కాగదు. డీజిల్ కారుకు ఇది నెమ్మదిగా ఎక్కే విషం.

ఎందుకంటే, ఈ తరం డీజిల్ కార్లన్నిటిలో పొగ వెళ్లే దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది మసిని పట్టుకుంటుంది. మసి నిండినప్పుడు ఇంజిన్ కాస్త అదనంగా డీజిల్ చల్లి, ఫిల్టరును దాదాపు 600 డిగ్రీల దాకా కాచి మసిని కాల్చేస్తుంది. అందుకు ఆగకుండా పది పదిహేను నిమిషాల పరుగు కావాలి. మీరు ఆఫీసు దగ్గర ఆపేసరికి ఆ పని సగంలో ఆగిపోతుంది. చల్లిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి కింది ఆయిల్లో కలుస్తుంది. అలా నెలలు గడిస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పలచబడిన ఆ ఆయిలే టర్బో బేరింగులను అరగదీస్తుంది. రెండు నెలలకొకసారి హైవే ఎక్కినంత మాత్రాన ఇది సరికాదు. వారానికి ఒకసారైనా అరగంట తగ్గకుండా హైవే మీద నడిపేవారికే డీజిల్ పనికొస్తుంది.

అందుకని మీ వాడకానికి ఆక్టేవియా సరైనది, కింద చెప్పే పరీక్షల్లో నిలబడితే. ఆ కారులో ఉన్నది ఫోక్స్‌వాగన్ గ్రూపు ఈఏ211 తరం ఇంజిన్. దీనికి ముందు తరం 1.4 టీఎస్ఐ పెట్రోల్ ఇంజిన్, అంటే ఈఏ111, టైమింగ్ చైన్ (వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు) సాగిపోయి చాలామందిని ముంచింది. ఈఏ211లో చైన్ తీసేసి బెల్ట్ పెట్టారు, ఆ బాధ పోయింది. బలహీనత లేదని కాదు. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఒక ప్లాస్టిక్ పెట్టెలో గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. పంపును తిప్పేది వేరే చిన్న బెల్ట్. అక్కడి నుంచి కూలెంట్ కారడం ఈ ఇంజిన్లలో మామూలు. టార్చ్ వేసి ఆ మూల చూడండి. గులాబీరంగు ఎండు మరకలు కనిపిస్తే పంపు మార్చాలి. పెద్ద పనేమీ కాదు, బేరంలో తగ్గించుకోండి. కూలెంట్ డబ్బాలో మట్టం కనీస గీతకు కింద ఉంటే మాత్రం ఎప్పటి నుంచి తగ్గుతోందో, ఎన్నిసార్లు పోశారో అడగాలి.

ఇక మీ వారి మనసులోని బీఎండబ్ల్యూ. 2011 520డిలో ఉండే ఎన్47 ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్, దాని గైడ్లు అరిగితే అక్కడికి చేరాలంటే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో దించాలి. విడిభాగాలకన్నా కూలీ ఎక్కువవుతుంది. తెగితే ఇంజిన్ పోయినట్టే. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, వెనక గోడ వైపు చెవి పెట్టండి. యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కుతూ ఇంజిన్ వేగాన్ని నిమిషానికి 1,500 నుంచి 2,500 చుట్ల దాకా తెచ్చేటప్పుడు గొలుసు రేకుకు ఒరుసుకున్న చప్పుడు వస్తే అక్కడితో ఆగిపోండి. చప్పుడు లేకపోయినా, చైన్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీ నెత్తిన ఉందనే లెక్క వేసుకోండి. పైగా ఆ టూరింగ్‌లో వెనక చక్రాలకు ఇనుప స్ప్రింగులు ఉండవు, గాలి సంచులుంటాయి. దాని సంగతి కొంచెం తర్వాత.

పసాట్ విషయంలో ఇంజిన్ పేరు ఈఏ189. 2015 సెప్టెంబరులో బయటపడ్డ ఉద్గారాల మోసంలో, అంటే పరీక్షల్లో మాత్రమే పొగ తగ్గించి చూపిన వ్యవహారంలో, ఉన్నది ఈ ఇంజినే. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చింది. ఆ మార్పు తర్వాత ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) త్వరగా మూసుకుపోతోందని చాలామంది యజమానులు ఫిర్యాదు చేశారు. కాబట్టి మార్పు జరిగిందా, ఈజీఆర్ ఎప్పుడైనా మార్చారా అని అడగండి. పైగా యూరప్ పొగ ప్రమాణాల్లో ఇది యూరో 5 కారు, అంటే యూరో 6కు ముందుది. యూరప్‌లోని అనేక నగరాల్లో పొగ నియంత్రణ మండలాలున్నాయి. లండన్ మండలంలోకి రోజువారీ రుసుము లేకుండా వెళ్లాలంటే డీజిల్‌కు యూరో 6 కావాలి, పెట్రోల్‌కు యూరో 4 చాలు. ఇప్పుడు కొని నాలుగేళ్ల తర్వాత అమ్మేటప్పుడు ఈ తేడా ధరలో కనిపిస్తుంది. కొత్తగా అమ్మే కార్లన్నిటికీ యూరో 6 తప్పనిసరైంది 2015 సెప్టెంబరులో. ఆ తేదీకి దగ్గర్లో రిజిస్టరైన కారైతే ప్రకటనను నమ్మకుండా రిజిస్ట్రేషన్ కాగితంలో చూసుకోవాలి.

డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అనగానే భయపడనక్కర్లేదు, ఏ డీఎస్‌జీ అన్నది తెలుసుకుంటే చాలు. ఆ పసాట్‌లోది డీక్యూ250, క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండే రకం. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఒక్కో మార్పుకు ఐదు లీటర్లకు పైగా పడుతుంది. 1,85,000 తిరిగిన కారుకు మూడు మార్పుల బిల్లులు ఉండాలి. ఒక్కటే ఉంటే ధర ఎంత తక్కువైనా వద్దు. చిన్న ఇంజిన్లతో వచ్చే ఏడు గేర్ల డీక్యూ200 వేరు. అందులో క్లచ్‌లు పొడివి, గేర్లు మార్పించే దాని మెకాట్రానిక్ యూనిట్ పాడవడం పేరుమోసిన జబ్బు. మీరు చూసిన ఆక్టేవియా మాన్యువల్ కావడం ఒక విధంగా అదృష్టం. అదే ఇంజిన్‌కు ఆటోమేటిక్ అయితే దాదాపుగా ఈ పొడి క్లచ్ గేర్‌బాక్సే వస్తుంది.

ఈ మూడూ కుదరక వెతుకులాట సాగితే కొన్ని పేర్లు గుర్తుంచుకోండి. ప్యూజో 308 వ్యాగన్‌లో 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్, ఫోర్డ్ ఫోకస్ వ్యాగన్‌లో 1.0 ఎకోబూస్ట్: రెండింటిలోనూ టైమింగ్ బెల్ట్ ఇంజిన్ ఆయిల్లోనే తిరుగుతుంది. బెల్ట్ పెళుసుబారి రాలిన పొడి ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది, ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. బెల్ట్ మార్చిన రుజువు లేకుండా తీసుకోవద్దు. ఓపెల్ ఇన్‌సిగ్నియా 2.0 డీజిల్‌లో ఆయిల్ పీల్చే గొట్టం దగ్గరి రబ్బరు రింగు గట్టిపడి గాలి పీలుస్తుంది. రింగు చవకే, పట్టించుకోకపోతే ఇంజిన్ పోతుంది. ఆడి ఏ4 అవాంట్ 2008 నుంచి 2011 మధ్య 2.0 టీఎఫ్ఎస్ఐ పెట్రోల్ అయితే పిస్టన్ రింగుల లోపం వల్ల ఆయిల్ తాగుతుంది. వోల్వో వి70 మూడో తరం, ఐదు సిలిండర్ల డీజిల్‌తో, దూరాలు తిరిగేవారికి గట్టి కారు. దాని వెనక షాకప్పులు మాత్రం బరువును బట్టి తమంతట తాము ఎత్తు సరిచేసుకునే రకమైతే ఖరీదు ఎక్కువ.

ఇంజిన్, గేర్‌బాక్స్ జత తేలాక ఆ బండి గతం చూడాలి. యూరోపియన్ వ్యాగన్లలో పెద్ద వంతు మొదటి మూడు నాలుగేళ్లు కంపెనీ కార్లుగా, లీజు మీద తిరిగినవే. అది చెడ్డ విషయం కాదు. హైవే మీద తిరిగిన 1,50,000 కిలోమీటర్లు ఊళ్లో తిరిగిన 80,000 కన్నా నయం. చిక్కల్లా సర్వీసు దగ్గర. లీజు కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి 30,000 కిలోమీటర్లకో రెండేళ్లకో ఒకసారి ఆయిల్ మార్చే పద్ధతి పెట్టుకుంటాయి. రెండో యజమాని కూడా అదే సాగిస్తే ఆయిల్ మడ్డికట్టి చైన్ టెన్షనర్, టర్బో దెబ్బతింటాయి. ముద్రలు వేసిన సర్వీసు పుస్తకం ఒక్కటే చాలదు, ముద్రలు ఎవరైనా వేయగలరు. బిల్లులు అడగండి. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ గ్రేడు ఉంటాయి. ఫోక్స్‌వాగన్ డీజిల్‌కు 507.00 గ్రేడు ఉండాల్సిన చోట వేరేది ఉంటే పోసినవాడు కారును ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది.

మీటరు వెనక్కి తిప్పారేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉంచుకోండి. కారు బెల్జియంలో తిరిగి ఉంటే కార్‌పాస్ అనే పత్రంలో కిలోమీటర్ల చరిత్ర ఉంటుంది. బ్రిటన్‌లో తిరిగి ఉంటే నంబరు కొడితే ఏటేటా జరిగిన తనిఖీల్లో నమోదైన దూరం, పట్టిన లోపాలు ఉచితంగా కనిపిస్తాయి. అవేవీ లేనప్పుడు బిల్లులను తేదీల వరసలో పేర్చి కిలోమీటర్లు పోల్చుకోండి. స్టీరింగ్ తోలు నున్నబడి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి, డ్రైవరు సీటు అంచు నలిగి ఉండి మీటరు 90,000 అంటే నమ్మకండి.

కొనేవాళ్లు ఎక్కువగా బానెట్ ఎత్తి చూస్తారు. వ్యాగన్‌ను వెనక నుంచి చూడటం మొదలుపెట్టాలి. ఈ కార్లకే వచ్చే జబ్బులన్నీ అటే ఉంటాయి. డిక్కీ తలుపు తెరవండి. పైన కీలు దగ్గర బాడీ నుంచి తలుపులోకి వెళ్లే రబ్బరు గొట్టం ఉంటుంది, అందులో వైర్ల కట్ట. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. పదేళ్లకు పైతొడుగు పగిలి లోపలి రాగి తెగుతుంది. వెనక వైపర్, నంబరు ప్లేటు లైటు, నడిమి బ్రేకు లైటు, తలుపు తాళం, వీటిలో ఏదో ఒకటి పనిచేస్తూ పనిచేయనట్టు ఉంటే ఇదే కారణం. రబ్బరు గొట్టాన్ని ఒక చివర జరిపి లోపల చూడవచ్చు. టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే ఒకసారి అతుకు వేశారని అర్థం, మిగతావి కూడా త్వరలో తెగుతాయి. తలుపును సగం ఎత్తి వదిలేయండి. జారిపోతే గ్యాస్ రాడ్లు అయిపోయాయి. అది చిన్న ఖర్చే, కానీ మోటారుతో తెరుచుకునే తలుపైతే వాటి బదులు ఖరీదైన మోటారు రాడ్లు ఉంటాయి. అందుకే మూడుసార్లు మీట నొక్కి తెరిచి మూసి చూడండి.

తర్వాత డిక్కీ నేలపలక ఎత్తి, స్టెప్నీ ఉండే గుంట అడుగున చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. వెనక లైట్ల రబ్బర్లు, రూఫ్ రైలు బోల్టుల కింది సీళ్లు, వెనక వైపర్‌కు నీళ్లు తీసుకెళ్లే సన్నగొట్టం, ఏది వదులైనా నీళ్లు అక్కడికే చేరతాయి. 2004 నుంచి 2010 దాకా వచ్చిన 5 సిరీస్ టూరింగ్‌లో ఎలక్ట్రానిక్ పెట్టెలు డిక్కీ పక్కనే ఉండటంతో నీటి చెమ్మ వాటిని తినేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. గ్లాసు పైకప్పు ఉంటే దాన్ని తెరిచి, ముందు మూలల్లోని కాలువలో అరలీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. ముందు చక్రం వెనక నుంచి ధారగా బయటికి రావాలి. రాకపోతే కాలువ మూసుకుపోయింది, ఆ నీళ్లు ఏనాటి నుంచో ముందు సీటు కింది కార్పెట్‌లోకి వెళుతున్నాయి. కార్పెట్ పైకి పొడిగా కనిపిస్తుంది. అంచు పట్టుకుని కింది స్పాంజి నొక్కితే తెలుస్తుంది. కిటికీ అద్దాలు లోపలి నుంచి మంచు పట్టడం, ముక్కిపోయిన వాసన కూడా దీని గుర్తులే.

గాలి సంచుల సంగతి. బీఎండబ్ల్యూ 5 టూరింగ్, మెర్సిడెస్ ఈ-క్లాస్ వ్యాగన్లలో వెనక చక్రాల మీద ఇవి ఉంటాయి, ఎంత సామాను వేసినా వెనక భాగం కిందికి దిగకుండా. రబ్బరు కాలంతో పాటు పగులుతుంది. సన్నగా గాలి కారడం మొదలైతే ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ రోజంతా ఆగుతూ తిరుగుతూ కాలిపోతుంది. ముందే సంచి మార్చి ఉంటే పోయేది ఒక్క సంచే, ఆలస్యమైతే రెండూ. అందుకని అమ్మేవారికి కారు రాత్రంతా కదపవద్దని చెప్పి పొద్దున్నే వెళ్లండి. రెండు వెనక చక్రాల పైన, చక్రం మధ్య నుంచి రెక్క అంచు దాకా టేపుతో కొలవండి. ఒక పక్క వేలెడు తగ్గినా అనుమానించాలి. స్టార్ట్ చేశాక వెనక నుంచి నిమిషానికి మించి గుయ్యిమనే చప్పుడు ఆగకపోయినా అంతే. మీ ఆక్టేవియాకు ఈ గొడవ లేదు, ఇనుప స్ప్రింగులే.

వెనక ట్రైలర్ కొక్కెం ఉంటే దాన్ని ఏం లాగడానికి వాడారో అడగండి. బరువైన కారవాన్ లాగిన కారుకు క్లచ్, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపును మింగే బరువైన చక్రం), వెనక షాకప్పులు ముందే అరుగుతాయి. కారు కింద పడుకుని గానీ లిఫ్టు మీద గానీ వెనక సబ్‌ఫ్రేము (వెనక చక్రాల భాగాలను మోసే ఉక్కు చట్రం), బ్రేకు పైపులు, వెనక రెక్కల అంచులు చూడాలి. మంచు దేశాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు మొదట వీటినే తింటుంది.

కారు చూసేరోజు ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారనే అనుకోండి, ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. ముందు కారు కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే చవకైన ఓబీడీ స్కానర్ తగిలించి, ఆ కోడ్లు చెరిపిన తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. దాదాపు అన్ని ఇంజిన్లూ ఈ లెక్క చెబుతాయి. అది 15 కిలోమీటర్లు అని చూపిస్తే, మీరు రావడానికి కాస్త ముందే ఎవరో హెచ్చరిక లైటు ఆర్పారు. తర్వాత సెల్ఫ్ కొట్టి మొదటి ఐదు సెకన్లు చప్పుడు వినండి. వెనక నిలబడిన మనిషి పొగ చూడాలి. నీలిరంగు పొగ అయితే ఆయిల్ మండుతోంది. తెల్లటి పొగ తీపి వాసనతో చాలాసేపు ఆగకపోతే కూలెంట్ మండుతోంది.

నడపడానికి కనీసం నలభై నిమిషాలు అడగండి. మాన్యువల్‌లో న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ నొక్కి వదలండి. వదిలినప్పుడు గలగల వచ్చి నొక్కితే ఆగితే గేర్‌బాక్స్ బేరింగు మీద అనుమానం. ఇంజిన్ ఆపేటప్పుడు కింద నుంచి గణగణమని కుదిపితే ఫ్లైవీల్. నాలుగో గేరులో ఇంజిన్ 1,500 చుట్ల దగ్గర ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ వేగం ఎగిసి, కారు వేగం దాన్ని అందుకోకపోతే క్లచ్ జారుతోంది. డీఎస్‌జీ అయితే సమతల రోడ్డు మీద బ్రేకు వదిలి కారును దానంతట దాన్నే పాకనివ్వండి. వణుకు లేకుండా కదలాలి. డి నుంచి ఆర్‌కు పదిసార్లు మార్చండి, ప్రతిసారీ ఒకే ఆలస్యం ఉండాలి. హీటరు పూర్తి వేడిలో, ఏసీ పూర్తి చల్లదనంలో చెరో ఐదు నిమిషాలు. హైవే నుంచి వచ్చి వేడి మీద ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ స్కాన్ చేయండి. డీజిల్ అయితే ఆ కంపెనీకి తగిన స్కానర్‌తో డీపీఎఫ్ లెక్క చూడాలి. చివరిసారి కాల్చాక ఎంత దూరం తిరిగింది, బూడిద ఎంత పేరుకుంది అన్నవి అందులో ఉంటాయి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, అది నిండితే ఫిల్టరు విప్పి కడగాలి లేదా మార్చాలి.

పెయింటు మందం కొలిచే పరికరం అద్దెకో అరువుకో దొరికితే తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. తలుపుకు రంగు వేస్తే పెద్ద బెంగ లేదు. పైకప్పుకు, తలుపుల మధ్య స్తంభాలకు ఉంటే ఆ కారు వద్దు. టైరు మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం.

మీ పిల్లల సీట్లు రెండూ, స్ట్రోలర్ వెంట తీసుకెళ్లి బిగించి చూడండి. బాబు సీటు వెనక్కి తిరిగి ఉండే రకం కాబట్టి దాని ముందున్న సీటు ముందుకు జరపాల్సి వస్తుంది. అక్కడ మీ వారు మోకాళ్లు తగలకుండా కూర్చోగలరా? ఆక్టేవియా డిక్కీ 610 లీటర్లు, స్ట్రోలర్ పక్కన రెండు పెద్ద పెట్టెలకు చోటుంటుంది. చాలదనిపిస్తే అదే కంపెనీ సూపర్బ్ 660 లీటర్లది, 2015 తర్వాతది, అదే 1.4 పెట్రోల్‌తో దొరుకుతుంది. డిక్కీ మీద పరిచే తెర, సామాను ముందుకు పడకుండా ఆపే వల ఉన్నాయో లేదో చూడండి. పోగొట్టుకున్నవారు చాలామంది, కొత్తవి కొనబోతే ధర చూసి గుండె గుభేలుమంటుంది.

కారు ధరలో ఆరో వంతు మొదటి ఏడాది పనులకు పక్కన పెట్టి, మిగిలిన డబ్బుతోనే బేరం మొదలుపెట్టండి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి, ఎప్పుడు మార్చారో చెప్పినా సరే. బ్రేకు ఆయిల్ రెండేళ్లు దాటితే అదీ. టైమింగ్ బెల్ట్‌కు కంపెనీ చెప్పే గడువు ఇంజిన్ నంబరుతో డీలరు దగ్గర తెలుసుకోండి. కిలోమీటర్లు తక్కువైనా రబ్బరుకు వయసుంటుంది కాబట్టి పదేళ్లు దగ్గరపడిన బెల్ట్‌ను పుల్లీలు, టెన్షనర్‌తో సహా మార్పించడమే మంచిది. 2016 కారుకు ఆ సమయం వచ్చేసింది. వాటర్ పంపు కూడా అప్పుడే మారిస్తే కూలెంట్ ఒక్కసారే దింపి పోసినట్టవుతుంది. ఆ తర్వాత నుంచి, మీ ఆరు కిలోమీటర్ల వాడకానికి, పుస్తకంలో 30,000 అని ఉన్నా 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చండి.

డబ్బు ఇచ్చేముందు ముందు అద్దం కింద, తలుపు స్తంభం మీద, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ఛాసిస్ నంబర్లు మూడూ అక్షరం అక్షరం కలవాలి. రెండో తాళంచెవి అడిగి, దానితో కూడా కారు స్టార్ట్ చేసి చూడండి.